బిట్టు విరగని బెజ్జం

నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరైన ఏడాదే నాకు ఉద్యోగం వచ్చింది. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. బెంగాలీ గడ్డ మీది మా రైల్వే ఊళ్ళో, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో నేను పుట్టి పెరిగిన క్వార్టరు ఖాళీ చేసి, తాల్‌బగీచాలో రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. సామానంతా రెండు రిక్షాల్లో పట్టింది. కొత్త ఇంట్లో అమ్మకు నీళ్ళ కుళాయి దూరమైంది. నాన్నకు మాత్రం పొద్దున్నే లేచి వెళ్ళే చోటు లేకుండా పోయింది.

ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు. వయసులో ఉండగా బాయిలర్లకు రివెట్లు కొట్టే చోట ఏళ్ళ తరబడి పనిచేశాడు. తర్వాత డ్రిల్లింగు మిషను మీదికి మారి, ముప్ఫై ఏళ్ళు ఇనుముకు బెజ్జాలు వేశాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా నెమ్మదిగా మాట్లాడాలి. ఆయన మాత్రం వీధి చివర మురీ, అంటే మరమరాలు, అమ్మే కొట్టుదాకా వినబడేంత గట్టిగా మాట్లాడేవాడు. చిన్నప్పుడు స్నేహితురాళ్ళ ముందు దానికి సిగ్గుపడేదాన్ని. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుపడుతున్నాను.

నాకు వచ్చింది టైపిస్టు ఉద్యోగం. ఊరి శివార్లలో, రైల్వేకి విడిభాగాలు చేసి ఇచ్చే ఒక ప్రైవేటు కార్ఖానాలో. చేరిన మూడో రోజున ఇంజనీరు నన్ను పిలిచి ఒక పేజీ ఇచ్చాడు. దాని మీద మాటలేం లేవు, అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్నాయి. "ఇది తప్పు లేకుండా కొట్టగలవా?" అన్నాడు. కొట్టాను. ఆయన వేలు పెట్టి వరస వరసా సరిచూసుకుని, "రేపట్నుంచి నువ్వు ఆఫీసులో కాదు, షాపులో కూర్చుంటావు" అన్నాడు.

షాపులో కొత్త మిషను ఉంది. విదేశం నుంచి వచ్చింది. మనిషి హ్యాండిలు పట్టుకుని తిప్పక్కర్లేదు. పక్కన బీరువాలాంటి పెట్టె ఉంటుంది, దానికి కాగితపు టేపు అందిస్తే, టేపు మీద ఉన్న చిల్లులు చదువుకుని మిషను తనంతట తనే పని చేస్తుంది. ఆ చిల్లులు కొట్టడమే నా పని. టైపు మిషనులాంటి దాని ముందు కూర్చుని అక్షరం నొక్కితే, టేపు మీద దానికి తగ్గ చిల్లుల వరస పడేది. ఒక్క చిల్లు తప్పితే లక్షణమైన ఉక్కు దిమ్మ పాడైపోతుంది.

మిషను నడిపేది ఒక బెంగాలీ ఆయన. అందరూ దాదా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వయసులో నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైనా నన్ను దీదీ, అంటే అక్క, అనేవాడు. తెలుగువాళ్ళ మధ్య పెరిగాడు కాబట్టి మన మాట బాగానే వచ్చు.

ఇంజనీరు నాకు మొదట నేర్పింది మిషనుకు ముందే నేర్పి ఉంచిన పనుల గురించి. ఒక బెజ్జం వెయ్యాలంటే ఎన్నో కదలికలు కావాలి. బిట్టు, అంటే బెజ్జం తొలిచే మెలికల ఉక్కు పుల్ల, దగ్గరకు రావాలి, తిరుగుతూ నెమ్మదిగా దిగాలి, చెప్పిన లోతుకు చేరాలి, చప్పున పైకి రావాలి. అవన్నీ ప్రతిసారీ విడివిడిగా రాయనక్కర్లేదు. జి ఎనభై ఒకటి అని రాసి లోతు చెబితే చాలు, అన్నీ అదే చేసుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడెక్కడ బెజ్జాలు కావాలో ఆ స్థానాలు ఇస్తూ పోవడమే. చాలు అనడానికి జి ఎనభై. మర కొయ్యడానికి ఒక అంకె, బెజ్జం నున్న చెయ్యడానికి ఇంకో అంకె. నేను వాటిని ఎక్కాల్లా వల్లించాను.

ఇంట్లో అమ్మ అడిగింది, "ఏటే, ఆ మిషను నీ మాట ఇంటాదా?" అని.

"చారు పెట్టమ్మా అని నీకు చెబితే చాలు గదా. చింతపండు నానబెట్టు, పోపు వెయ్యి అని విడిగా చెప్పక్కర్లేదు. అదీ అంతే."

"మరి ఉప్పు ఎంతెయ్యాలో దానికెలగ తెలుస్తాది?"

"అది మనం చెప్పాలి."

"సెప్పకపోతే?"

ఆ మాట నాన్నకు వినబడలేదు. గుమ్మంలో కూర్చుని పక్కింటివాళ్ళ సైకిలు చైను బిగిస్తున్నాడు. నేను చేసే పని గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. మిషను పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. ముప్ఫై ఏళ్ళు చేత్తో చేసిన పనిని కాగితం ముక్క చేస్తుందంటే ఆయనకు నచ్చలేదేమో అనుకుని, నేనే ఆ ప్రస్తావన తగ్గించుకున్నాను.

మొదటి కొన్ని నెలలు పని బాగానే సాగింది. అన్నీ పల్చటి పలకలు, పొట్టి బెజ్జాలు. తర్వాత ఒక కొత్త ఆర్డరు వచ్చింది. అరచెయ్యి పొడవున దళసరి ఉక్కు దిమ్మలు. వాటిలో నూనె పారడానికి పెన్సిలు కంటే సన్నటి బెజ్జాలు, దిమ్మ ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఇంజనీరు మిషనుకు చెప్పాల్సిన అంకెల షీటు రాసి ఇచ్చాడు, నేను టేపు కొట్టాను. దాదా దిమ్మ బిగించి మీట నొక్కాడు.

బిట్టు సగం దాకా దిగింది. కీచుమని ఒక్క చప్పుడు. దాదా ఎర్ర బొత్తాం కొట్టేసరికే బిట్టు విరిగి దిమ్మలో ఉండిపోయింది.

"సర్వనాశ్!" అన్నాడు దాదా.

రెండోది అలాగే విరిగింది. మర్నాడు మూడోది. ఆ పొడుగు బిట్లు ఊళ్ళో దొరికేవి కావు, ఇంక నాలుగే మిగిలాయి. సోమవారం రైల్వే తరఫున దిమ్మలు చూడ్డానికి మనుషులు రాబోతున్నారు. ఇంజనీరు చెమట తుడుచుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చి, "టేపులో తప్పుందేమో చూడు" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అందరూ నా వైపే చూశారు.

ఆ శనివారం మధ్యాహ్నం టేపు ఇంటికి తెచ్చుకున్నాను. వరండాలో ఎండకు ఎదురుగా పట్టుకుని ఒక్కొక్క వరసా షీటుతో పోల్చుకుంటూ కూర్చున్నాను. రెండుసార్లు చూశాను, తప్పు లేదు. మూడోసారి మొదలుపెట్టేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగి చిల్లులు కనబడ్డం మానేశాయి.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. టేపు కొస అందుకుని, వేళ్ళ మధ్య జార్చుకుంటూ చిల్లులు తడిమి చూశాడు.

"ఏటైనాది?" అన్నాడు. ఆయన గొంతుకు ఎదురింటి కుక్క లేచి నిలబడింది.

ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పాను. బిట్టు విరుగుతోందని, తప్పు నాదో కాదో తెలియడం లేదని.

"ఎంత లోతు?"

అరచెయ్యి చూపించాను.

"బిట్టు ఎంత లావు?"

అమ్మ కుట్టుపెట్టెలోంచి లావాటి సూది తెచ్చి, దీనికి రెండింతలు అన్నాను.

"ఎన్నిసార్లు పైకి తీస్తన్నాడు?"

"ఎన్నిసార్లేంటి? ఒకటేసారి దిగుతుంది. చివరిదాకా వెళ్ళి పైకి వస్తుంది."

నాన్న నా మొహంలోకి చూసి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. నేను బడిలో చేరిన కొత్తలో పలక తిరగేసి పట్టుకుంటే అలా నవ్వేవాడు.

"మరి ఇరగదేటి గుంటా? రజనంతా ఎక్కడికి పోతాది? బెజ్జంలో కూరుకుపోయి బిట్టుని పట్టీస్తాది. కొంచెం దిగాల, పైకి రావాల, తుక్కు రాల్చుకోవాల, నూనె తాగాల, మళ్ళీ దిగాల. అలగ ఎల్లాల."

ఆ మాట వినగానే లేచి లోపలికి పరిగెత్తాను. మిషనుతో పాటు వచ్చిన పుస్తకంలోంచి నేను చేత్తో ఎత్తి రాసుకున్న కాగితాలు బీరువాలో ఉన్నాయి. ఎనభై ఒకటి, ఎనభై రెండు, ఎనభై మూడు. ఎనభై మూడు దగ్గర నా అక్షరాలతోనే ఉంది: కొంచెం కొంచెంగా దిగుతూ, ప్రతిసారీ పూర్తిగా పైకి వచ్చి, మళ్ళీ దిగే పద్ధతి, లోతు బెజ్జాలకు. ఇన్నాళ్ళూ దాన్ని వల్లించాను గాని, అదెందుకో ఆలోచించలేదు. సమయం ఎక్కువ పడుతుందని ఇంజనీరు దాన్ని ఎప్పుడూ వాడలేదు.

కాగితం నాన్నకు చూపించి చదివి వినిపించాను. ఆయన ఆ వరస మీద వేలు జార్చాడు. తర్వాత, "ఇది రాసినోడు డ్రిల్లు పట్టుకున్నోడే" అన్నాడు.

ఆదివారం కార్ఖానా తెరిచే ఉంది, ఆగిన పని సోమవారంలోగా తెమలాలి కాబట్టి. నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకున్నాడు. ఇంజనీరు ముందు నిలబడి ఎనభై మూడు గురించి చెప్పాను. టైపిస్టు వచ్చి షీటు మార్చమని అడగడం అక్కడ ఎవరూ ఎరగరు. ఆయన అంతా విని, "నిజమే, నేనే తొందరపడ్డాను" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. "కాని ఒక్కోసారి ఎంత దిగాలి? పుస్తకంలో ఆ అంకె లేదు. మనమే ఇవ్వాలి."

అమ్మ అడిగిన ఉప్పు ప్రశ్న అదే.

నాన్న వైపు తిరిగి అడిగాను. "ఎన్ని మిల్లీమీటర్లకి పైకి తీసేవాడివి?"

"మిల్లీమీటర్లు నాకేటి తెల్సు? సెయ్యి సెప్తాది, నాను తీస్తాను."

ఆయన గొంతుకు షాపంతా తిరిగి చూసింది. నేను తల దించుకోలేదు.

మూల ఒక పాత చేతి డ్రిల్లింగు మిషను ఉంది. దాదా దాని మీద కప్పిన గుడ్డ తీసి, ఒక పనికిరాని దిమ్మ బిగించాడు. మిగిలిన నాలుగు పొడుగు బిట్లలో ఒకటి పెట్టాడు. నాన్న దగ్గరకు వచ్చి, ముందు మిషను ఒళ్ళంతా తడిమాడు. ఎడమ అరచెయ్యి దిమ్మ పక్కన ఆనించాడు. కుడి చేత్తో హ్యాండిలు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

చెవులు వినపడని మనిషి పని ఎలా చేసేవాడో నేను అంతవరకూ చూడలేదు. ఆడపిల్లలం రైల్వే వర్క్‌షాపు గేటు దాటి లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు. అన్నం క్యారియరు గేటు దగ్గర ఇచ్చి వచ్చేయడమే. బిట్టు దిగుతోంటే ఆయన ఎడమ చెయ్యి వింటోంది. నాకు ఏ తేడా తెలియకముందే హ్యాండిలు పైకి వెళ్ళేది. మెలికలు తిరిగిన ఇనుప రజను బయటపడేది. దాదా సబ్బు నీళ్ళు పోసేవాడు. మళ్ళీ దిగేది. ప్రతిసారీ దాదా స్కేలు పెట్టి లోతు చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని.

ఒక దశలో నాన్న కళ్ళు తెరిచి నన్ను పిలిచాడు. "ఇక్కడెట్టు సెయ్యి."

నా అరచెయ్యి ఆయన చెయ్యి ఉన్నచోట పెట్టాను. ఆయన చెయ్యి దాని మీద వేశాడు. మొదట ఒక సన్నటి, సమంగా సాగే అదురు. పిల్లి ఒళ్ళో పడుకుని గురకపెట్టినట్టు. కాసేపటికి అందులో ఏదో గరగరమంది.

"తెలిసినాదా?"

తల ఊపాను. హ్యాండిలు పైకి లేచింది.

మొత్తం ఇరవై మూడు సార్లు పైకి తీశాడు. కాగితం చూస్తే మొదట్లో ఎక్కువెక్కువ దిగి, లోతుకు వెళ్ళేకొద్దీ తక్కువ తక్కువ దిగాడు. ఇంజనీరు తల గోక్కున్నాడు. మిషనుకు ఒక్క అంకె మాత్రమే ఇవ్వగలం, దారిలో మారదు. సగటు తీద్దామా అన్నాడు. నేను నాన్నకు చెప్పాను.

"వొద్దొద్దు. సివర్న ఎంత మెల్లగా ఎల్తామో మొదట్నుంచీ అంతే ఎల్లమను. ఏటైపోతాది? కొంచెం ఆలీసం అవుతాది, అంతేగా. బిట్టు ఇరిగితే అయ్యే ఆలీసం కన్నా తక్కువే."

"ఠీక్ హై" అన్నాడు ఇంజనీరు.

అప్పటికప్పుడు కూర్చుని టేపు కొట్టాను. జి ఎనభై మూడు, స్థానం, లోతు, ఆ చిన్న అంకె. చివర జి ఎనభై. దాదా టేపు ఎక్కించి, ముందు ఇనుము లేకుండా గాల్లోనే ఒకసారి నడిపి చూశాడు. తర్వాత కొత్త దిమ్మ బిగించాడు.

బిట్టు దిగింది. పైకి వచ్చింది. నీళ్ళు పడ్డాయి. దిగింది. పైకి వచ్చింది. నాన్న ముందుకు వచ్చి ఆ విదేశీ మిషను బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. ఇంజనీరు వద్దనబోయి ఊరుకున్నాడు. క్రితం రోజు బిట్టు విరిగిన లోతు దాటింది. ఆఖరికి దిమ్మ అడుగున ఉక్కులో ఒక చుక్క మెరిసి, బిట్టు మొన బయటికి వచ్చింది. దాదా నా భుజం తట్టబోయి, ఆడపిల్లనని గుర్తొచ్చి, చేతులు జోడించి దండం పెట్టాడు. దిమ్మను విప్పి కంటికి ఆనించి చూసి, "దీదీ, ఈ చివర నుంచి ఆకాశం కనిపిస్తోంది" అన్నాడు.

నేను నాన్న కోసం చూశాను. ఆయన నూలు పీచుతో చేతులు తుడుచుకుంటూ ద్వారం వైపు వెళ్ళిపోతున్నాడు.

ఇంటి దారంతా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. అన్నం దగ్గర ఆయన ఒక్క మాట అనలేదు. ముప్ఫై ఏళ్ళ పనిని ఒక్క మధ్యాహ్నంలో కాగితం మీదికి ఎక్కించి, ఆయన దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ పట్టుకుపోయానేమో అనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, బాధగా ఉందా?"

"దేనికి?"

"నీ పని అది చేసేస్తోందని."

ఆయన కంచంలో వేలితో ఏదో గీస్తూ ఉండిపోయాడు. తర్వాత, నేను ఎప్పుడూ విననంత చిన్న గొంతుతో మాట్లాడాడు. అంత చిన్నగా మాట్లాడటం ఆయనకు చేతనవుననే నాకు తెలియదు.

"నాను రిటైరైనప్పుడు నా దగ్గర నేర్సుకోడానికి ఎవుడూ మిగల్నేదు. అందరూ ఆపీసు పని కావాలన్నోలే. నాతోనే పోతాది గావాల అనుకున్నాను. ఇయ్యాల నా సెయ్యి నీ సెయ్యి మీదున్నప్పుడు, నీకు తెలిసినాది. నీ మొకం సూసి కనిపెట్టినాను." కంచం పక్కకు జరిపాడు. "మిషను సంగతి నాకెందుకు? నీకు తెలిసినాది. అదీ."

అమ్మ వెనక్కి తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. "మజ్జిగెయ్యనా?" అంది ఇద్దరినీ చూడకుండా.

సోమవారం వచ్చిన మనుషులు దిమ్మలు చూసి బాగున్నాయన్నారు. ఆర్డరు నిలబడింది. ఆ తర్వాత నుంచి ఇంజనీరు షీటు రాసే ముందు నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టేవాడు. రెండేళ్ళకు షీట్లు రాసే పని నాకే అప్పజెప్పాడు. మిషనుకు నేర్పి ఉంచిన పనులన్నీ అవే, కాని ఒక్కోదానికి ఎంత లోతు, ఎంత వేగం, ఎక్కడ ఆగాలి అన్నది మనిషి చెప్పాల్సిందే. కొత్త లోహం వస్తే ముందు పాత చేతి మిషను మీద ఒక ముక్క పెట్టి, బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసుకునేదాన్ని. నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు. దాదా మాత్రం వాళ్ళని నవ్వనిచ్చేవాడు కాదు.

ఇంకో సంగతి ఉంది. చాలా నెలల తర్వాత ఒక పూట మళ్ళీ బిట్టు విరిగింది. అదే టేపు, అవే దిమ్మలు. నాకేమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాలా వద్దా అని తటపటాయించాను. బాధపడతాడేమో. ఆయనకు ఆ మధ్య ఆయాసం మొదలైంది, గుమ్మం దాటడం తగ్గించాడు. చివరికి చెప్పేశాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇరిగినాదా! పద, సూద్దాం." చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుంటూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. అమ్మ, "ఆయాసంతో ఎల్లడం ఏటికి?" అంటున్నా వినబడనట్టే వీధిలోకి దిగాడు. నిజంగా వినబడిందో లేదో నాకు తెలియదు.

రిక్షాలో వెళ్ళాం. ఆయన విరిగిన ముక్క అందుకుని గోటితో మొన తడిమి, "ఇది పదును సరిగ్గా పెట్టనేదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ" అన్నాడు. కొత్తగా వచ్చిన పెట్టెలోని బిట్లన్నీ అంతే ఉన్నాయి. దాదా సానరాయి మిషను దగ్గర స్టూలు వేశాడు. నాన్న కూర్చుని, ఒక్కో బిట్టూ తిప్పి తిప్పి నిప్పురవ్వల్లో పదును పెట్టాడు. డజనున్నర బిట్లు. మధ్యలో ఆయాసం వస్తే ఆగేవాడు, టీ తాగేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆఖరి బిట్టు వెలుతురుకు పట్టి నాకు చూపించి, "సూసినావా, రెండు పక్కలూ సమానం" అన్నాడు.

సాయంత్రం తిరిగి వస్తుంటే రిక్షాలో ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎన్నో ఏళ్ళ కిందట పదును పెట్టడం తనకు నేర్పిన ముసలాయన గురించి. ఆయన బీడీ కాలుస్తూ ఎలా తిట్టేవాడో, తిట్టిన తర్వాత ఎలా టీ ఇప్పించేవాడో. దారిన పోయేవాళ్ళంతా మా వైపు తిరిగి చూస్తున్నారు. నేను ఆయన వైపు వంగి, పెదాలు కనబడేలా అడిగాను, "తర్వాత ఏమైంది నాన్నా?"